రక్షణకు జ్ఞానస్నానం అవసరమా? – కర్ణాటక మిషన్ లేఖలపై ఒక విమర్శ

ఈ పాఠం మొదలుపెట్టే ముందు, గత పాఠంలో పరిచయం చేసిన జెస్యూట్ పాద్రుల లేఖల భాగాలను ఒకసారి మళ్లీ తిరగేయండి. వాటిలో ఒక వింత మీ కంట పడి ఉండాలి. పెద్దవాడు ఒకడు వచ్చి క్రైస్తవంలో చేరతానంటే పాద్రి వెంటనే ఒప్పుకోడు. జపాలు నేర్చుకొమ్మంటాడు, ఉపదేశి దగ్గరికి పంపుతాడు, నెలల తరబడి చూస్తాడు, పాత అలవాట్లు వదిలాడో లేదో విచారిస్తాడు. అదే పాద్రి, చావుబతుకుల్లో ఉన్న పసిబిడ్డ సంగతి చెవిన పడితే మాత్రం క్షణం ఆగడు. తాను పోలేకపోతే ఉపదేశిని పంపుతాడు. బిడ్డ తల్లిదండ్రులు క్రైస్తవులు కాకపోయినా సరే. పెద్దవాడి విషయంలో అంత నిదానం, పసివాడి విషయంలో ఇంత తొందర ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ఆ లేఖలను చదివితే, పాద్రులను మహాత్ములనో మోసగాళ్లనో అనేసి ఊరుకుంటాం. ఆ రెండూ విమర్శ కావు.

ఇంకో ప్రశ్న కూడా ఈ పాఠం రాయడానికి కారణం. అనంతపురంలో జరిగిన సంపర్క తరగతిలో ఒక విద్యార్థి లేచి ఇలా అడిగాడు: "సార్, మా నాయన ఇరవై ఏండ్లుగా ఆదివారం పూజకు పోతాడు. జ్ఞానస్నానం మాత్రం తీసుకోలే. తీసుకుంటే మా సర్టిఫికెట్ పోతుందని భయం. మరి ఆయనకు రక్షణ లేదా సార్?" ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. లేఖల సంగతి తేలితే ఆ జవాబుకూ దారి దొరుకుతుందని నా నమ్మకం.

ముందు మాట విషయం. ప్రొటెస్టెంటు సంఘాలవారు 'బాప్తిస్మం' అంటారు. తెలుగు కతోలికులు 'జ్ఞానస్నానం' అంటారు. ఈ పాఠం కతోలిక విశ్వాసం గురించి కాబట్టి రెండో మాటే వాడుతున్నాం. స్నానం అన్న పదం చూసి నిండా మునగడం అనుకోకండి. కతోలిక పద్ధతిలో తలమీద మూడుసార్లు నీళ్లు పోసి, పిత, పుత్ర, పవిత్రాత్మల పేర నిర్ణీత వాక్యం పలికితే చాలు. నీళ్లు నిజమైన నీళ్లయి ఉండాలి, ఒంటి మీద పారాలి, చెంబెడైనా చాలు. అత్యవసరమైతే పాద్రి అక్కర్లేదు. ఎవరైనా ఇవ్వవచ్చు, ఇచ్చేవాడు క్రైస్తవుడు కానక్కర్లేదు, శ్రీసభ చేసేదే తానూ చేస్తున్నానన్న ఉద్దేశం ఉంటే సరిపోతుంది. ఈ ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి. లేఖల్లోని సగం సంఘటనలకు తాళంచెవి ఇదే.

లేఖలు ఎవరికోసం రాశారు?

'కర్ణాటక మిషన్' అంటే నేటి కర్ణాటక రాష్ట్రం అనుకోవద్దు. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూట్లు పుదుచ్చేరి నుంచి ఉత్తరంగా, తమిళ తెలుగు సరిహద్దులు దాటి మన సీమలోకి వచ్చారు. పుంగనూరు వారి తొలి స్థావరాల్లో ఒకటి. కాలక్రమంలో అనంతపురం ప్రాంతంలోని కృష్ణాపురం ముఖ్య కేంద్రమైంది. సన్యాసుల్లా కాషాయం కట్టి, మాంసం మాని, స్థానిక భాష నేర్చుకుని తిరిగారు. ల గాక్ పాద్రి 1718లో కృష్ణాపురం నుంచి రాసిన ఉత్తరం వీటిలో బాగా తెలిసినది. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న చుట్టరికాన్ని 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపిన కేర్దూ పాద్రి కూడా ఈ మిషన్ మనిషే. ఆయన తెలుగు నేర్చిందీ, తెలుగు నిఘంటువు పని చేసిందీ ఈ ప్రాంతపు అనుభవంతోనే.

ఈ ఉత్తరాలు పారిస్‌లో 1702 నుంచి 1776 వరకు 34 సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటి పేరుకు అర్థం 'బోధప్రదమైనవి, ఆసక్తికరమైనవి అయిన ఉత్తరాలు' అని. పేరులోనే విషయం ఉంది. చదివే ఫ్రెంచి భక్తుల మనసు కరగాలి, మిషన్‌కు సాయం అందాలి. మొదట ల గోబియన్, తర్వాత ద్యు ఆల్ద్ సంపాదకులుగా వాటిని కత్తిరించారు, చక్కబెట్టారు. కాబట్టి ఒక ఉత్తరంలో ఇంతమందికి జ్ఞానస్నానం ఇచ్చామని లెక్క కనబడితే, అది జనాభా లెక్కల పుస్తకంలోని అంకె లాంటిది కాదు. అలాగని పారేయవలసినదీ కాదు. కేర్దూ 1742లో అద్దకం పనివాళ్లను విడివిడిగా అడిగి, ఒకరు చెప్పినదాన్ని మరొకరితో సరిచూసుకుని, గుడ్డమీద రంగు నిలిచే పద్ధతిని రాశాడు. అంత జాగ్రత్తగల మనుషులు ఆత్మల లెక్క దగ్గరికి వచ్చేసరికి అంత ఆత్రంగా ఎందుకు రాశారో ఆలోచించాలి.

'అవసరం' అన్న మాటకు లోతు

యోహాను సువార్త మూడో అధ్యాయంలో రాత్రివేళ వచ్చిన నికొదేముతో యేసు, నీటివల్లా ఆత్మవల్లా తిరిగి పుట్టనివాడికి దైవరాజ్యప్రవేశం లేదన్న అర్థంలో మాట్లాడతాడు. కతోలిక బోధకు పునాది ఇది. దీన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో తేలిపోతుంది: అవసరమే. కానీ అదే సువార్త సంప్రదాయంలో, సిలువ మీద పక్కనే వేలాడుతున్న దొంగకు ఏ నీళ్లూ లేకుండానే పరలోకం మాట ఇచ్చాడు యేసు. అపొస్తలుల కార్యాల్లో కొర్నేలి ఇంట్లో పవిత్రాత్మ ముందు దిగింది, నీళ్లు తర్వాత వచ్చాయి. ఈ ఇబ్బంది తొలి శతాబ్దాల నుంచే శ్రీసభకు తెలుసు.

క్రీ.శ. 392లో రోమన్ చక్రవర్తి రెండవ వాలెంటినియన్ జ్ఞానస్నానం అందకుండానే చనిపోయాడు. తీసుకోవాలని కోరుకున్నాడు, ఈలోగా ప్రాణం పోయింది. మిలాను పీఠాధిపతి అంబ్రోసు అతని అంత్యక్రియల ప్రసంగంలో, అడిగినవాడికి అడిగినది దక్కే ఉంటుందని అతని అక్కచెల్లెళ్లను ఓదార్చాడు. ఇక్కడ పుట్టింది 'కోరికవల్ల జ్ఞానస్నానం' అన్న ఆలోచన. విశ్వాసం కోసం చంపబడినవాడికి చిందిన రక్తమే జ్ఞానస్నానం అన్న మాట అంతకు ముందే ఉంది. చిత్రమేమంటే, 374లో పీఠాధిపతిగా ఎన్నికైననాటికి ఆ అంబ్రోసుకు కూడా జ్ఞానస్నానం కాలేదు. అప్పటికప్పుడు ఇచ్చి, రోజుల వ్యవధిలో పీఠమెక్కించారు.

ఇక త్రెంత్ మహాసభ. మన పాద్రులు చదువుకున్న వేదాంతమంతా దీని చుట్టూ అల్లుకున్నదే. 1547 మార్చిలో ఆ సభ, జ్ఞానస్నానం ఇష్టముంటే తీసుకోవచ్చు లేకుంటే లేదు, రక్షణకు అవసరం లేదు అనేవాడు శాపగ్రస్తుడని తీర్మానించింది. అంతకు రెండు నెలల ముందే, జనవరిలో, పాపి నీతిమంతుడు కావడానికి ఆ స్నానమైనా లేదా దాని కోసం కోరికైనా ఉండాలని అదే సభ రాసింది. రెండో వాక్యంలోని ఆ 'లేదా' మీద వేలు పెట్టి ఆగండి. 20వ శతాబ్దంలో వాటికన్ మెత్తబడి మినహాయింపులు కనిపెట్టిందని చెప్పేవాళ్లు ఈ 'లేదా'ను చూడలేదు. కఠినమైన మాట, దాని మినహాయింపు ఒకే ఏడాది, ఒకే సభ నోట వెలువడ్డాయి.

ఇప్పుడు లేఖల్లోని వింత విడిపోతుంది. పెద్దవాడికి కోరిక ఉండగలదు. నేర్చుకుంటూ నేర్చుకుంటూ దారిలో చనిపోయినా, ఆ కోరికే అతన్ని కాపాడుతుందని పాద్రి నమ్మకం. అందుకే తొందర లేదు, పరీక్షించవచ్చు, ఆపవచ్చు. పసిబిడ్డకు కోరుకునే బుద్ధి లేదు. వాడికి ఉన్నవి నీళ్లు మాత్రమే. ఆ నీళ్లు అందకపోతే జన్మపాపంతోనే పోతాడు. అగస్తీను అలాంటి బిడ్డలకు నరకమే, అయితే అతి తేలికైన శిక్ష అన్నాడు. మధ్యయుగ పండితులు మనసు కరిగి, శిక్ష లేని, దేవదర్శనమూ లేని 'లింబో' అన్న అంచు స్థలాన్ని ఊహించారు. మన పాద్రి గుర్రం దిగి పరుగెత్తింది ఆ అంచు నుంచి బిడ్డను లాగడానికి.

మందు పేరుతో నీళ్లు

అయినా ఇక్కడితో పాద్రిని వదిలేయడానికి లేదు. ఈ సంపుటాల్లోని భారతదేశపు లేఖల్లోనూ, చైనా లేఖల్లోనూ ఒకే పద్ధతి కనబడుతుంది. వైద్యం తెలిసిన ఉపదేశినో, భక్తురాలైన ముసలమ్మనో చనిపోయే బిడ్డలున్న ఇళ్లకు పంపడం. బిడ్డకు మందు ఇస్తున్నట్టు, నుదురు తడుపుతున్నట్టు నటిస్తూ పెదవుల కింద మంత్రం గొణగడం. తల్లికి తెలియదు. బిడ్డ పోయాక ఆ సంఖ్య ఉత్తరంలోకి ఎక్కుతుంది.

పాద్రి లెక్క ప్రకారం ఇది దయ. మనం చదివేటప్పుడు మూడో మనిషిని తలుచుకోవాలి: ఆ తల్లిని. ఉత్తరంలో ఆమెకు పేరుండదు, మాట ఉండదు. తన బిడ్డ కడసారి ఏ దేవుడి పేరు విన్నాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఫ్రెంచి పాఠకుడు కన్నీరు పెట్టుకునే చోట మన ఊరి పాఠకుడు ఉలిక్కిపడతాడు. ఒక రచన ఇద్దరు పాఠకులకు రెండు రకాలుగా అందడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇదంతా పాతకాలపు సంగతి అని తోసేయకండి. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రం 868వ సూత్రం, బిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వాలంటే తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి సమ్మతి కావాలంటుంది. అదే సూత్రం రెండో భాగంలో, ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు తల్లిదండ్రులు వద్దన్నా ఇవ్వడం ధర్మసమ్మతమే అంటుంది. తల్లిదండ్రులు కతోలికులు కాకపోయినా అంతే. మరోవైపు, అంతర్జాతీయ వేదాంత మండలి 2007లో ఒక పత్రం వెలువరించింది. లింబో అన్నది శ్రీసభ తప్పనిసరిగా నమ్మమన్న సత్యం కాదనీ, జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన శిశువులు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయనీ దాని సారాంశం. నిశ్చయం కాదు, ఆశ అని జాగ్రత్తగా అన్నారు. ఆశే ఉన్నప్పుడు తల్లి మాటను తోసిపుచ్చే సూత్రం ఇంకా ఎందుకు? ఆశ అన్నది నిశ్చయం కాదు కాబట్టే అని ధర్మశాస్త్ర పండితులు జవాబిస్తారు. నాకు ఆ జవాబు తర్కానికి సరిపోతుందనిపిస్తుంది, తల్లికి సరిపోదు.

ఎంగిలి తగవు

ఇదే మిషన్ చరిత్రలో ఇంకో ఘట్టం ఉంది. జ్ఞానస్నానంలో ఏది అవసరం, ఏది కాదు అన్నది అక్కడ బట్టబయలవుతుంది. పాత రోమన్ క్రతువులో పాద్రి తన ఉమ్మిని వేలికి తీసుకుని అభ్యర్థి చెవులకూ ముక్కుకూ తాకించాలి. చెవిటివాణ్ణి బాగుచేసేటప్పుడు యేసు చేసిన పనికి అది గుర్తు. ముఖం మీద ఊదడం కూడా ఉండేది. మన దేశంలో ఎదుటివాడి ఎంగిలి ముఖానికి తగలడం ఎలాంటిదో మీకు చెప్పనక్కర్లేదు. దక్షిణాదిలోని జెస్యూట్లు ఆ భాగాన్ని మెల్లగా వదిలేశారు.

1703లో పోపు ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన తూర్నో 1704 జూన్‌లో ఆజ్ఞాపత్రం జారీ చేశాడు. ఉమ్మి మానకూడదు, పిల్లల జ్ఞానస్నానం వాయిదా వేయకూడదు, హిందూ దేవతల పేర్లు కాక పునీతుల పేర్లు పెట్టాలి, ఇలా సాగుతుంది ఆ జాబితా. పాద్రులు రోముకు మొరపెట్టుకున్నారు. నలభై ఏళ్లు నలిగిన ఈ 'మలబారు ఆచారాల తగవు' 1744లో పద్నాలుగవ బెనెడిక్టు పోపు శాసనంతో ముగిసింది. ఆజ్ఞల్లో చాలావాటిని ఆయన ఖాయం చేశాడు గానీ, ఉమ్మి విషయంలో మాత్రం కొంతకాలానికి సడలింపు ఇచ్చాడు. 1969లో వచ్చిన కొత్త క్రతువిధానంలో ఆ ఉమ్మే లేదు. చెవులనూ నోటినీ వేలితో తాకితే చాలు, అదీ ఐచ్ఛికం. రెండున్నర శతాబ్దాల తగవు పుస్తకంలో ఒక పంక్తి తీసేయడంతో తీరిపోయింది.

అయితే తూర్నో ఆజ్ఞల్లో నన్ను ఎక్కువగా ఆపింది ఎంగిలి కాదు. జబ్బుపడిన పరయల ఇళ్లకు పాద్రులు స్వయంగా వెళ్లి సంస్కారాలు ఇవ్వాలన్న ఆజ్ఞ. ఆ ఆజ్ఞ ఇవ్వవలసి వచ్చిందంటేనే సంగతి అర్థమవుతుంది. బ్రాహ్మణ సన్యాసి వేషం నిలుపుకోవడానికి, అంటరానివాళ్లని పిలవబడే కులాల గుమ్మం తొక్కకుండా గడిపేస్తున్నారన్నమాట. పసిబిడ్డ ఆత్మ కోసం అన్యుల ఇంట్లోకి దొంగచాటుగా మనిషిని పంపగలిగిన మిషన్‌కు, జ్ఞానస్నానం పొందిన మాల మాదిగల ఇంట్లోకి పట్టపగలు అడుగుపెట్టడం కష్టమైంది. 1744 శాసనం తర్వాత కూడా దొరికిన పరిష్కారం ఏమిటి? పరయల కోసం వేరుగా కొందరు పాద్రులను కేటాయించడం. రక్షణకు జ్ఞానస్నానం అందరికీ అవసరమన్న సిద్ధాంతం కులం గడప దగ్గర తల వంచిన చోటు ఇది. ఈ లేఖల మీద ఏ విమర్శ రాసినా ఈ విషయం దాటవేయకండి.

1773లో జెస్యూట్ సభనే రద్దు చేశారు. మిషన్ పారిస్ విదేశీ మిషన్ల పాద్రుల చేతికి వెళ్లింది. ఆ తర్వాతి చరిత్ర మనకు ఇక్కడ అక్కర్లేదు.

కరువులో రెండు సిద్ధాంతాలు

పోలిక ఒకటి చూద్దాం. 1876–78 నాటి మహాకరువును మన సీమ పెద్దలు 'ధాత కరువు' అంటారు. అనంతపురం, బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు దిబ్బలైపోయిన కాలం అది. ఆ కరువులో దక్షిణాది కతోలిక మిషన్లు దారుల వెంట, గంజి కేంద్రాల దగ్గర, కొనఊపిరితో ఉన్నవాళ్లకు జ్ఞానస్నానాలు ఇచ్చాయి. అవసరమని నమ్మినవాళ్లు చేయగలిగింది అదే.

అదే కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పనులు పట్టి వేలమందికి కూలి కల్పించాడు. జనం చేరతామని వచ్చినా, కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. సాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ముంచి ఇచ్చారు. బాప్టిస్టుల బోధలో బాప్తిస్మం విశ్వాసికి విధి, రక్షణ సాధనం కాదు. కాబట్టి క్లౌ ఆగగలిగాడు. ఆగిన నెలల్లో చనిపోయినవాళ్ల గురించి ఆయన సిద్ధాంతం ఆయన్ని నిద్ర లేపలేదు. కతోలిక పాద్రి ఆగలేకపోయాడు. ఆయన సిద్ధాంతం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఎవరు మంచివాళ్లు అని అడిగితే జవాబు రాదు. ఎవరి తొందర ఏ నమ్మకం నుంచి వచ్చింది అని అడగండి.

తర్వాత మారినదేమిటి

1940లలో బోస్టన్ నగరంలో లెనార్డ్ ఫీనీ అనే జెస్యూట్, శ్రీసభకు వెలుపల రక్షణ లేదన్న పాత సూత్రాన్ని అక్షరాలా పట్టుకుని, నీటి జ్ఞానస్నానం లేనివాడెవడూ గట్టెక్కడని బోధించాడు. రోము 1949లో ఉత్తరం రాసి అది తప్పని చెప్పింది, వినకపోతే 1953లో వెలివేసింది. అంటే శ్రీసభకు వెలుపల రక్షణ లేదని మరీ గట్టిగా అన్నందుకే ఒక పాద్రి శ్రీసభకు వెలుపల పడ్డాడు. 1972లో మళ్లీ చేర్చుకున్నారు లెండి.

రెండవ వాటికన్ మహాసభ 1964లో, తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరగనివారు, మనస్సాక్షి చెప్పినట్టు మంచిగా బతికితే వారికీ రక్షణ సాధ్యమేనంది. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం రెండు ముక్కలను పక్కపక్కన నిలిపింది: సువార్త విని, జ్ఞానస్నానం అడిగే అవకాశం ఉన్నవారికి అది అవసరం, కానీ మనుషులను కట్టిన ఆ ముడి దేవుణ్ణి కట్టివేయదు. త్రెంత్ 'లేదా'కు ఇది పొడిగింపు.

అనంతపురం చదువరికి ఇక్కడ ఫాదర్ ఫెర్రర్ గుర్తుకు రాక మానడు. విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్‌గా భారతదేశానికి వచ్చి, మహారాష్ట్ర నుంచి పంపివేయబడి, 1969లో అనంతపురం చేరాడు. 1970లో జెస్యూట్ సభ వదిలాడు. 2009 జూన్‌లో ఇక్కడే కన్నుమూశాడు. ల గాక్ ఉత్తరాల్లో మిషన్ గెలుపును తలల లెక్కతో కొలిచారు. ఫెర్రర్ పనిని జిల్లా ప్రజలు బావులతో, ఇళ్లతో, బత్తలపల్లి ఆసుపత్రితో కొలుస్తారు. రెండున్నర శతాబ్దాల తేడాలో ఒకే నేల మీద ఒకే సభలో తయారైన ఇద్దరు మనుషులు నీళ్లను రెండు రకాలుగా పంచారు. దీన్ని వాటికన్ మహాసభ ఖాతాలో వేయాలని తొందరపడకండి. ఒక మనిషి జీవితం ఒక తీర్మానానికి వ్యాఖ్యానం కానక్కర్లేదు.

సర్టిఫికెట్ ప్రశ్న

ఇక ఆ విద్యార్థి ప్రశ్న. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక మరో మతం పాటించేవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారు బీసీ–సీ కిందికి వస్తారు. అక్కడ రిజర్వేషన్ ఒక్క శాతం. జ్ఞానస్నానం విచారణ గుడి రిజిస్టరులో ఎక్కుతుంది. ధర్మశాస్త్రం అలా రాయమంటుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో పుదుచ్చేరి మహిళకు షెడ్యూల్డు కుల ధ్రువపత్రం నిరాకరించినప్పుడు, ఆమెకు పసితనంలో జరిగిన జ్ఞానస్నానం కూడా సాక్ష్యాల్లో ఒకటైంది. ఒకప్పుడు బిడ్డ ఆత్మను గట్టెక్కించడానికి రాసిన పద్దు ఇప్పుడు కలెక్టరు ఆఫీసులో మరో పనికి వస్తోంది.

ఆ విద్యార్థి తండ్రి సంగతి సిద్ధాంతం ప్రకారం ఎలా తేలుతుంది? మొదటి చూపుకు ఇబ్బందే. వాలెంటినియన్ కోరుకుని అందక చనిపోయాడు. ఈయనకు గుడి అందుబాటులోనే ఉంది, పాద్రీ ఉన్నాడు, చెంబెడు నీళ్లకూ కరువు లేదు. శ్రీసభ అవసరమని తెలిసీ చేరనని మొండికేసేవాడికి రక్షణ లేదని 1964 మహాసభ కూడా అంది. కొందరు పాద్రులు ఈ వాక్యం చూపించే భయపెడతారు.

కానీ ఆ వాక్యం నిరాకరించినవాడి గురించి. ఈయన నిరాకరించాడా? ప్రతి ఆదివారం పూజకు వచ్చి కూర్చునేవాడు వద్దన్నవాడెలా అవుతాడు? సత్యోపదేశం పెట్టిన షరతును మళ్లీ చదవండి: అడిగే అవకాశం ఉన్నవాడికి అవసరం. చదువుకుంటున్న కొడుకు సీటు, రేపటి ఉద్యోగం తాకట్టు పెట్టి అడగవలసి వస్తే, దాన్ని అవకాశం అనవచ్చా? నా మటుకు నేను అనలేను. కోరిక ఆయనకు ఉంది. దాన్ని నీళ్ల దాకా రానివ్వనిది ఆయన మనసు కాదు, ఒక ఉత్తర్వు. త్రెంత్ 'లేదా' ఇలాంటివాడి కోసం కాకపోతే ఇంకెవరి కోసమని అడిగే హక్కు ఆయన కొడుక్కి ఉంది.

దీనికి ఎదురుమాట కూడా బలంగానే ఉంది. తొలి శతాబ్దాల్లో జ్ఞానస్నానం అడగడం అంటే ప్రాణం పణం పెట్టడమే, అయినా అడిగారు; నష్టం ఉందన్నంతమాత్రాన అవకాశం లేదనలేం అని వాదించవచ్చు. నిజమే. అయితే వాళ్లు తమ ప్రాణాన్ని పణం పెట్టారు. ఇక్కడ పణం కొడుకు బతుకు. పైగా కులం గడప దగ్గర 1704లో తానే తడబడిన శ్రీసభ, అదే కులాల మనిషిని ఇప్పుడు ధైర్యం చాలలేదని నిలదీసేముందు ఆ పాత ఉత్తరాలను తానూ ఒకసారి చదువుకోవాలి.

తరువాతి సంపర్క తరగతికి వచ్చేటప్పుడు, గత పాఠంలోని లేఖాభాగాల నుంచి జ్ఞానస్నానం ప్రస్తావన ఉన్న ఒక సంఘటనను ఎంచుకుని, అదే సంఘటనను ఆ ఇంటి తల్లి చెబుతున్నట్టు రెండు పేజీల్లో రాసి తీసుకురండి. పాద్రిని తిట్టనక్కర్లేదు, పొగడనక్కర్లేదు. ఆమె ఏం చూసిందో రాయండి.